వరీద్ మాష్ కంప్యూటర్ నల్లబడిన వారం

వరీద్ మాష్ భార్య రోసిలి చేచి ఫోన్ చేసేసరికి సుహర టీచర్ పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుకుంటోంది. పొద్దున్న తొమ్మిది కూడా కాలేదు. జూలై నెల, కర్కాటక మాసపు వాన పెంకుల మీద ఎడతెరిపి లేకుండా కురుస్తోంది.

"టీచరే, మాష్ కంప్యూటర్ నల్లబడిపోయింది," అంది రోసిలి గొంతు తగ్గించి. "నాలుగు రోజులైంది. మనిషి గంజి కూడా సరిగా తాగట్లేదు. నువ్వొకసారి రావాలి. నేను పిలిచానని మాత్రం చెప్పొద్దు."

"మరెందుకొచ్చానని చెప్పను చేచీ?" అంది సుహర. ఆ వైపు అక్కని అలాగే పిలుస్తారు.

"పనసకాయల కోసం వచ్చానని చెప్పు. ఎలాగూ పెరట్లో పడి కుళ్లిపోతున్నాయి."

ఫోన్ పెట్టేశాక సుహర ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. వాళ్లుండే మాళ ఊరికి బస్సులో నలభై నిమిషాలు. ఇన్నాళ్లూ ఆమెను ఆపింది దూరం కాదు.

ఇరవై ఏళ్ల కిందట కేరళ బళ్లలోకి లినక్స్‌తో, అంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే వ్యవస్థతో, నడిచే కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల టీచర్లందరికీ వాటితో పని నేర్పినవాడు వరీద్ మాష్. అసలు ఆయన లెక్కల మాష్, అంటే మాస్టారు. కంప్యూటర్ తనంతట తాను నేర్చుకున్నాడు. సుహర అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. మౌస్ ముట్టుకుంటే ఏం పాడవుతుందోనని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "టీచరే, అది తేలు కాదు, పట్టుకో!" అని ఆయన హాలు అవతలి కొస నుంచి కేకేస్తే ముప్పైమంది ఘొల్లున నవ్వారు. మైకు లేకుండా చర్చి మొత్తానికీ వినిపించే గొంతు ఆయనది. "యంత్రం ఏం చెబుతోందో ముందు చదవండి. భయపడటం తర్వాత చూసుకుందాం," అనేవాడు. ఆ మాట ఆ తాలూకాలో చాలామంది టీచర్లకు నోటికి వచ్చు.

పద్నాలుగు నెలల కిందట ఆ గొంతు పోయింది. కాన్సర్ అని స్వరపేటిక మొత్తం తీసేశారు.

ఆపరేషన్ అయిన మూడు వారాలకు సుహర చూడటానికి వెళ్లింది. ఆయన మెడ కింద రంధ్రం, దాని మీద పల్చటి తెల్లగుడ్డ, చేతిలో నోటుపుస్తకం. ఆమెకు ఏం మాట్లాడాలో తోచలేదు. "ఎలా ఉన్నారు మాష్! గంజి తాగుతున్నారా!" అని చెవిటివాళ్లను పలకరించినట్టు గట్టిగా అరిచింది. ఆయన రాసి చూపించాడు: "చెవులు బాగానే ఉన్నాయి టీచరే." ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. కానీ ఆ నవ్వుకు చప్పుడు లేదు, గుడ్డ వెనక గాలి కదిలిందంతే. అది చూశాక ఆమె అక్కడ ఎక్కువసేపు కూర్చోలేకపోయింది. బస్టాపులో నిలబడి సిగ్గుతో, దుఃఖంతో ఏడ్చింది. వచ్చే వారం వెళ్దాం, పై వారం వెళ్దాం అనుకుంటూనే ఏడాది దాటించింది.

ఇప్పుడు గొడుగు తీసుకుని బయల్దేరింది.

గేటు దగ్గర రోసిలి ఎదురొచ్చింది. నెత్తిమీద తువ్వాలు, చేతిలో పనసకాయ కోసే కత్తి, దానికి అంటిన కొబ్బరినూనె. డెబ్బైకి దగ్గర పడుతున్నా గలగలా తిరిగే మనిషి. ఆ రోజు మాత్రం మొహం పీక్కుపోయి ఉంది.

"మంగళవారం పొద్దున్న ఏదో కొత్తది వచ్చిందని నొక్కాడు. మధ్యాహ్నానికి తెర మొత్తం చీకటి. అప్పట్నించీ కుర్చీలోంచి లేవడంలేదు. వేళ్లకి స్పర్శ లేదు కదా, మందుల వల్ల. ఒక లైను కొడితే ఐదు తప్పులొస్తాయి. చెరిపేస్తాడు, మళ్లీ కొడతాడు. నిన్న కీబోర్డుని చేత్తో బాదాడు. నలభై ఐదేళ్లలో ఆ మనిషి ఒక వస్తువుని కొట్టగా నేను చూళ్లేదు."

"కంగారు పడకండి చేచీ. కంప్యూటరే కదా."

"కంప్యూటరయితే నిన్నెందుకు పిలుస్తాను?" రోసిలి కత్తిని అటునుంచి ఇటు మార్చుకుంది. "అందులో ఆయన గొంతుంది టీచరే."

సుహర అక్కడే ఆగిపోయింది.

"ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక మూడు వారాలు టైమిచ్చారు కదా. అన్నాళ్లూ తలుపేసుకుని, కిటికీకి పరుపు అడ్డం పెట్టుకుని, పదో తరగతి పాఠాలన్నీ మైకులో చెప్పుకున్నాడు. ఇప్పుడు వాటికి బొమ్మలు కడుతున్నాడు, పిల్లలు చూడ్డానికి. ఎప్పుడూ ఆ చెవులకి పెట్టుకునేవి పెట్టుకునే వింటాడు. నాకు వినిపించడు. నేనూ అడగను."

"ఎందుకడగరు?"

"వింటే తట్టుకోలేనని ఆయన భయం. వినిపిస్తే ఆయన తట్టుకోలేడని నా భయం." రోసిలి తువ్వాలుతో మొహం తుడుచుకుంది. "వినకపోయినా అందులో ఉందిలే అనుకునేదాన్ని. ఇప్పుడు అదీ పోయిందేమో. లోపలికి పద. పనసకాయ మాట మర్చిపోకు."

గదిలో వరీద్ మాష్ నల్లటి తెర ముందు కూర్చుని ఉన్నాడు. తెర పైన ఎడమ మూల చిన్న తెల్లగీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆయన తల తిప్పి సుహరను చూశాడు, ఆమె వెనక భార్యను చూశాడు. నోటుపుస్తకం లాక్కుని రాశాడు: "పనసకాయల కోసమా?"

"అవును మాష్," అంది సుహర.

"నీకు పనస పడదు. రెండువేల ఎనిమిది, త్రిస్సూర్ శిక్షణ. ఒళ్లంతా దద్దుర్లు," అని మళ్లీ రాశాడు ఆయన.

రోసిలి మెల్లిగా వంటింట్లోకి తప్పుకుంది.

సుహర కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ఈసారి గొంతు పెంచలేదు. "నాకు పడకపోతే మా ఇంట్లోవాళ్లు తినరా? సరే, అబద్ధమే. కంప్యూటర్ చూద్దామనే వచ్చాను. నన్ను రావద్దంటే చెప్పండి, పోతాను."

ఆయన కీబోర్డును ఆమె ముందుకు జరిపాడు. పెన్నుతో బల్ల మీద ఒకసారి కొట్టి, పుస్తకంలో "అవును" అని రాశాడు. రెండుసార్లు కొట్టి "కాదు" అని రాశాడు. రాయడానికి టైము పడుతుంది, పని మధ్యలో ఇలా అయితే తేలిక.

సుహర మూడు మీటలు కలిపి నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. పేరు, రహస్యపదం అడుగుతోంది. బొమ్మల్లేవు, కిటికీల్లేవు, మౌస్ పనిచేయదు. కానీ లోపల యంత్రం మేలుకునే ఉంది.

"చేచీ!" అని సుహర వంటింటి వైపు కేకేసింది. "ఏమీ పోలేదు! లోపల అన్నీ భద్రంగా ఉన్నాయి!"

"నువ్వు చూశావా?" అంది రోసిలి అక్కణ్ణించే.

చూడలేదు. మాట ఇచ్చాక చూడాలి కదా. మాష్ పుస్తకంలో రాసి చూపిన రహస్యపదం కొట్టి, సుహర ఆయన ఫోల్డర్లోకి వెళ్లి అందులో ఏమున్నాయో అడిగింది. వరుసగా వచ్చాయి. ఒకటో పాఠం, రెండో పాఠం, శంకువు, గోళం. అన్నిటికన్నా కింద రోసిలి అనే పేరుతో ఇంకో ఫోల్డరు.

వరీద్ మాష్ పెన్ను రెండుసార్లు బల్ల మీద పడింది. తాను ఏదో అక్షరం తప్పు కొట్టానేమో అనుకుంది సుహర. సరిచూసుకుంది. తప్పేం లేదు. ఆ ఫోల్డరు తెరిచింది. నలభై మూడు శబ్దపు ఫైళ్లున్నాయి. మొదటిది మోగించమని ఆదేశం కొట్టి, అది రోసిలికి వినిపించాలి కదా అని హెడ్‌ఫోన్ల తీగ పీకేసి ఎంటర్ నొక్కింది. పెన్ను మళ్లీ టకటకమంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఏమే రోసిలీ!" అని స్పీకర్లలోంచి వరీద్ మాష్ గొంతు గది అదిరేలా పలికింది. "ఆ మిక్సీ ఆపుతావా లేదా? ఇక్కడ శంకువు సగంలో ఉంది!"

"ఆపేశా, ఆపేశా! అరవకండి!" అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

ఆ తర్వాత వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

రోసిలి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వేళ్ల నిండా పనస జిగురు. వంటింట్లో మిక్సీ నడవడంలేదు, పొయ్యి కూడా వెలిగించి లేదు. నలభై ఐదేళ్ల అలవాటు నోట్లోంచి దానంతట అదే జవాబు చెప్పేసింది. ఆమె భర్తను చూసింది. ఆయన బల్ల మీది పెన్నును చూస్తూ కూర్చున్నాడు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

సుహరకు లేచి వెళ్లిపోవాలనిపించింది. లేస్తే కుర్చీ చప్పుడవుతుందని కదల్లేదు.

"ఇంకా ఉన్నాయా?" అంది రోసిలి చివరికి.

ఆయన రాశాడు. సుహర చదివి వినిపించబోయింది కానీ రోసిలి వచ్చి తనే చూసింది. "నలభై మూడు. టీ అడిగినవి. మిక్సీ. కోళ్లని తోలమన్నవి. పాఠాల మధ్యలోంచి కోసి తీసేశాను. పారేయడానికి చెయ్యి రాలేదు."

"నలభై మూడుసార్లు అరిచారా నా మీద, మూడు వారాల్లో?"

పెన్ను ఒకసారి బల్ల మీద పడింది.

రోసిలి నవ్విందో ఏడ్చిందో సుహరకు సరిగా తెలియలేదు. జిగురు అంటకుండా మోచేత్తో భర్త భుజాన్ని ఒక్క పోటు పొడిచింది. "ముందు ఆ తెర సంగతి చూడండి ఇద్దరూ. మిగతా నలభై రెండూ సాయంత్రం వింటాను. టీ పెడతాను," అని వెళ్లింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కాసేపు ఎక్కువగానే వినిపించింది.

"సారీ మాష్," అంది సుహర.

ఆయన చెయ్యి ఊపాడు, పని చూడు అన్నట్టు.

సుహర బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. బళ్లో ఏ కంప్యూటర్ మొరాయించినా ఆమె చేసేది అదే. పాఠాలు పక్కన భద్రపరిచి, ఉన్నదంతా తుడిచేసి, కొత్తగా లినక్స్ ఎక్కించడం. రెండు గంటల్లో అయిపోతుంది. పెన్‌డ్రైవ్ గుచ్చబోతుంటే బల్ల మీద టకటకమని రెండు దెబ్బలు, మళ్లీ రెండు దెబ్బలు పడ్డాయి.

"ఎందుకు వద్దు మాష్? తేలిక కదా?"

"ఎందుకు పాడైందో తెలీకుండా బాగుచేస్తే మళ్లీ పాడైనప్పుడు మళ్లీ నిన్నే పిలవాలి," అని రాశాడు. కొంచెం ఆగి కింద ఇంకో మాట చేర్చాడు: "నువ్వు రావు."

సుహర మొహం వేడెక్కింది. పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసేసింది. "చదువుతాను మాష్. వినండి," అంది.

యంత్రం ఆ పూట మేలుకున్నప్పటి నుంచీ రాసుకున్న చిట్టా అంతా తెర మీదికి తెప్పించింది. వందల లైన్లు. ఆ చిన్న అక్షరాలు ఆయన కళ్లకు ఆనవు. ఆమె పైకి చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. మామూలు లైను వస్తే వేలు ఆడిస్తాడు, ముందుకు పొమ్మని. ఒకప్పుడు హాలంతా తిరుగుతూ చేయించిన పని ఇప్పుడు కుర్చీలో కూర్చుని చేయిస్తున్నాడు, అంతే తేడా.

"తప్పు. డ్రైవర్ దొరకలేదు," అని చదివింది సుహర. "తప్పు. స్క్రీన్లు ఏవీ దొరకలేదు."

టీ తెచ్చిన రోసిలి ఆగింది. "ఏవిటీ? ఇంత తెర మనం ముందు పెట్టుకు కూర్చుంటే లేదంటోందా?"

"దానికి మనలాగా కళ్లుండవు కదా చేచీ. తెరకి బొమ్మలు పంపేది ఈ గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డుతో ఎలా మాట్లాడాలో లినక్స్‌కి చెప్పేది డ్రైవర్. కార్డు బాగానే ఉంది, తెర బాగానే ఉంది. మధ్యలో మాట్లాడేవాడు లేడు."

అన్నాక సుహర నాలుక కరుచుకుంది. రోసిలి మాత్రం ఏమీ అనుకోలేదు. "అయితే మాట్లాడేవాణ్ణి వెతకండి," అని టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. మాష్ గ్లాసులో టీ చల్లార్చి ఉంది.

ఇంకో అరగంటకు సంగతి తేటపడింది. కార్డు పాతది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఇచ్చిన డ్రైవర్ కూడా పాతదే. మంగళవారం వచ్చిన అప్‌డేట్‌లో లినక్స్ గుండెకాయ, కెర్నల్ అంటారే అది మారింది. ఈ పాత డ్రైవర్ ఆ కొత్త కెర్నల్‌తో అతకడంలేదు. పాత కెర్నల్‌తో మేలుకొలుపుదామంటే, డిస్కులో చోటు చాలడంలేదని, కొత్తది రాగానే పాతది పోయేలా పోయిన నెలే మాష్ అమర్చిపెట్టాడు. నాలుగు రోజులుగా ఆయన ఆ డ్రైవర్‌నే మళ్లీ మళ్లీ ఎక్కించడానికి చూశాడు. ఎక్కించిన ప్రతిసారీ అది సగంలో విరిగింది.

"ఇది ఇక అతకదు మాష్," అంది సుహర. "తీసేద్దాం. లినక్స్‌వాళ్లు సొంతంగా రాసుకున్నది ఒకటుంది కదా, దాంతో నడుస్తుంది."

రెండు దెబ్బలు. "దాంతో నెమ్మది. శంకువు తిప్పితే తడబడుతుంది. నాలుగు నిమిషాల పాఠం తయారవడానికి ఒక పూట పడుతుంది."

"పడితే పడనీండి. మీకు ఏం తొందర?"

ఆయన చూపు ఒక్కసారి గోడ వైపు పోయింది. అప్పుడు సుహరకు అర్థమైంది, ఆయనకు తొందర ఎందుకుందో. డాక్టర్లు మళ్లీ రమ్మన్న తేదీ గోడ మీది కాలెండర్లో గుండ్రంగా చుట్టి ఉంది, వచ్చే నెల పన్నెండు. ఆమె చూపు అటు వెళ్లడం ఆయన చూశాడు.

"చూపించుకోవడానికే. ఊరికే," అని రాశాడు.

"ఊరికే అయితే నెమ్మదిగా చేసినా పర్లేదు," అంది సుహర. "ఊరికే కాకపోతే, నల్లటి తెర ముందు కూర్చుంటే ఏమొస్తుంది మాష్? నెమ్మదిగానైనా నడిచేది నడవనీండి. మిగతావి నేనొచ్చి చేస్తాను. ప్రతి శనివారం వస్తాను."

ఆయన ఆ మాటను నమ్మాలా వద్దా అన్నట్టు చూశాడు. సుహర చూపు తిప్పుకోలేదు. "రాకపోవడం నాదే తప్పు. అప్పుడు మీ దగ్గర పిచ్చిదానిలా అరిచాను. సిగ్గుపడి రాలేదు. అంతే. ఇంకేం లేదు."

పెన్ను ఒక్కసారి బల్లను తాకింది.

సుహర పాత డ్రైవర్‌ను కూకటివేళ్లతో సహా పీకేసింది. దానికోసం రాసి ఉన్న అమరిక ఫైలునూ తీసేసింది. యంత్రాన్ని ఆపి మళ్లీ మేలుకొలిపారు. ముగ్గురూ ముందుకు వంగి చూశారు.

తెర నల్లగానే ఉంది.

"అయ్యో మాతావే, తల్లీ," అంది రోసిలి.

సుహర చెయ్యి బ్యాగు మీదికి వెళ్లింది. ఇదంతా తెలిసినట్టు ఆయన దగ్గర మాట్లాడి చివరికి చేసిందేమిటి? పెన్‌డ్రైవ్ మీదికి మనసు పోయింది. వరీద్ మాష్ ఆమె మణికట్టు మీద రెండు వేళ్లు వేశాడు. స్పర్శ తెలియని వేళ్లు కనక కొంచెం గట్టిగానే పడ్డాయి. తెర వైపు చూపించాడు. చదువు.

మళ్లీ మొదటి నుంచీ చదివింది. ఈసారి పాత డ్రైవర్ పేరెక్కడా లేదు. కానీ లినక్స్‌వాళ్ల డ్రైవర్ కూడా రాలేదు. దాన్ని ఎవరో రాకుండా ఆపుతున్నారు. ఎక్కడ, ఎవరు అని వెతుక్కుంటూ పోయింది. ఫైళ్ల పొరల కింద నాలుగు లైన్ల చిన్న ఫైలు ఒకటి దొరికింది. ఆ డ్రైవర్‌ను లోపలికి రానివ్వొద్దని అందులో రాసి ఉంది. దాని పైన ఇంగ్లీషు అక్షరాల్లో మలయాళం మాటలు.

సుహర చదివింది. "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకున్నవాళ్లు నాకు జవాబు చెప్పుకోవాలి. ఇట్లు, వరీద్."

వరీద్ మాష్ ముందుకు వంగాడు. తన పేరే. మూడేళ్ల కిందట రెండు డ్రైవర్లూ గొడవ పడకుండా తనే రాసిపెట్టి, తనే మర్చిపోయాడు. నాలుగు రోజులుగా తన ఇంటి తలుపుకు తాళం వేసింది తనే. భుజాలు ఊగడం మొదలయ్యాయి. మెడ దగ్గరి తెల్లగుడ్డ గాలికి కొట్టుకుంటోంది. కళ్లలోంచి నీళ్లొస్తున్నాయి. నవ్వుతున్నాడు. ఈసారి సుహర ఆ నవ్వును తల తిప్పుకోకుండా చూసింది, తనూ పగలబడి నవ్వింది. రోసిలి ఇద్దర్నీ చూసి, "దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట," అంది.

"మాష్, ఇప్పుడు నేను ముట్టుకోవచ్చా? జవాబు ఎవరికి చెప్పుకోవాలి?"

ఒక్క దెబ్బ. చాలా గట్టిగా.

ఆ లైను తీసేసి, యంత్రం మేలుకునేటప్పుడు చదువుకునే మూట మొత్తాన్ని కొత్తగా కట్టమని ఆదేశమిచ్చింది. అది సగం కట్టేసరికి కరెంటు పోయింది. గది చీకటైంది. బల్ల కింద బ్యాటరీ డబ్బా కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"ఎంతసేపొస్తుంది మాష్ ఇది?"

ఆయన ఐదు వేళ్లు చూపించాడు. కొంచెం ఆలోచించి ఒక వేలు మడిచాడు.

ఆ మూట సగంలో ఆగితే యంత్రం మేలుకోనే మేలుకోదు. సుహర తెర మీద పాకుతున్న లైన్లనే చూస్తోంది. రోసిలి మెడలోని కొంతను, అంటే చిన్న జపమాలను, గుప్పిట్లో పట్టుకుంది. వరీద్ మాష్ ఒక్కడే తాపీగా మిగిలిన టీ తాగుతున్నాడు. ఇందులో ఇక మనం చేయగలిగింది లేదని తెలిసినవాడి నిదానం అది. మూడో నిమిషం దాటాక లైన్లు ఆగాయి. పని పూర్తయిందని రాసింది యంత్రం.

కరెంటు కోసం ఒక గంట కాచుకున్నారు. ఆ గంటలో గంజి, పెసర కూర, కాల్చిన అప్పడం తిన్నారు. మాష్ గిన్నె ఖాళీ చేశాడు. రోసిలి అది చూసి కూడా చూడనట్టు ఇంకో గరిటె పోసింది.

కరెంటు వచ్చింది. యంత్రం మేలుకుంది. నల్లటి తెర, తెల్లగీత, ఒక క్షణం చీకటి, ఆ తర్వాత నీలం రంగు తెర నిండా పరుచుకుంది. దాని మధ్యలో వరీద్ అనే పేరు.

ఆయన మౌస్ పట్టుకుని తన బొమ్మల పని తెరిచాడు. శంకువును తిప్పి చూశాడు. అది మెలికలు పడుతూ, ఆగి ఆగి తిరిగింది. ఆయన సుహర వైపు చూసి భుజాలెగరేశాడు.

"తిరుగుతోంది కదా," అంది ఆమె.

"తిరుగుతోంది," అని రాశాడు.

వెళ్లే ముందు ఆయన ఆమెను ఆపి ఒక కాగితం చేతిలో పెట్టాడు. ముందే రాసి పెట్టుకున్నట్టుంది. మొత్తం పదకొండు పాఠాలు. తన గొంతుతో మైకులో చెప్పినవి పదే. స్పర్శరేఖల పాఠం తనకు అన్నిటికన్నా ఇష్టమని చివరికి దాచుకున్నాడట. ఆస్పత్రివాళ్లు తేదీని అనుకున్నదానికన్నా రెండు రోజులు ముందే పెట్టడంతో అది మిగిలిపోయింది. "ఆ పాఠం నువ్వు చెప్పు," అని ఉంది చివర.

"నా గొంతా? మీ పది పాఠాల పక్కనా? పిల్లలు నవ్వుతారు మాష్."

"నవ్వితే మంచిదే. మేలుకుని ఉన్నట్టు."

తర్వాతి శనివారం సుహర వచ్చింది. కిటికీకి పరుపు అడ్డం పెట్టారు. మైకు ముందు కూర్చుని, రాసుకొచ్చిన పాఠం చదివింది. ఆయన రెండుసార్లు కొట్టాడు. మళ్లీ చదివింది. మళ్లీ రెండు దెబ్బలు. ఆరోసారికి ఆమెకు కోపమొచ్చింది. "ఏం తప్పు చెప్పాను మాష్? ఒక్క మాట తప్పుంటే చూపించండి!"

"తప్పు లేదు. మైకుతో మాట్లాడుతున్నావు. మనిషితో మాట్లాడు," అని రాసి, లేచి వెళ్లి, రోసిలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సుహర ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"నాకు లెక్కలొస్తాయా!" అంది రోసిలి. "ఐదో తరగతితో మానేశాను."

"అందుకే," అని రాసి చూపించాడు ఆయన.

సుహర కాగితాలు పక్కన పెట్టేసింది. గిన్నె మూత ఒకటి తెప్పించుకుని దాన్ని బల్ల మీద నిలబెట్టి, స్కేలు ఆనించి, రోసిలికి చెప్పడం మొదలుపెట్టింది. చూశారా చేచీ, ఈ స్కేలు ఈ మూతని ఎన్నిచోట్ల తాకుతోంది? అలా చెబుతూ చెబుతూ మైకు సంగతి మర్చిపోయింది. మధ్యలో రోసిలి చెయ్యెత్తింది.

"ఒక్కచోటే తాకుతుందన్నావు కదా. స్కేలుని ఒక్క పిసరు లోపలికి జరిపితే?"

"జరిపితే రెండుచోట్ల తాకుతుంది చేచీ. అప్పుడది స్పర్శరేఖ కాదు, మూతని కోసుకుంటూ పోయే గీత. ఛేదన రేఖ."

"అంత చిన్న జరుగుడుకే పేరు మారిపోతుందా?"

"అంత చిన్న జరుగుడుకే," అంది సుహర.

వరీద్ మాష్ బల్ల మీద ఒక్కసారి కొట్టాడు. ఆ పాఠానికి బొమ్మలు కట్టడానికి మూడు శనివారాలు పట్టింది. నెమ్మదిగా తిరిగే వృత్తాన్ని చూస్తూ ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్లు, ఆమె నోటితో, ఆయన పెన్నుతో. పన్నెండో తేదీన ఆస్పత్రికి సుహర కూడా వెళ్లింది. ఆర్నెల్ల తర్వాత మళ్లీ రండి, ఇప్పటికి ఏమీ లేదు అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రోసిలి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

సెప్టెంబరులో ఒక సోమవారం సుహర తన పదో తరగతి పిల్లలకు స్పర్శరేఖల పాఠం వేసి చూపించింది. తను చెప్పిందని వాళ్లకు ముందు చెప్పలేదు. గొంతు వినగానే గుర్తుపట్టి, అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూసి కిచకిచలాడారు. కాసేపటికి సద్దుమణిగారు. పాఠం అయ్యాక మూడో వరసలోని ఫిదా అనే పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, మధ్యలో ఆ ప్రశ్న అడిగిందెవరు? సరిగ్గా నాకొచ్చిన డౌటే ఆవిడకీ వచ్చింది."

"ఆవిడ పేరు రోసిలి," అంది సుహర.

"ఏ బడి టీచర్?"

"ఏ బడీ కాదు. వచ్చే వారం గోళం పాఠం ఉంది, అది చెప్పినాయన భార్య."

"అయితే ఇంకో డౌటుంది, ఆవిణ్ణి అడిగి చెప్పండి," అని ఫిదా నోటుపుస్తకం తెరిచింది. సుహర ఆ ప్రశ్నను ఒక కాగితం మీద రాసుకుని, శనివారం తీసుకెళ్లడానికి బ్యాగులో పెట్టుకుంది.